2 మి.మీ. అల్యూమినియం ప్లేటులో 60 మి.మీ. రంధ్రాన్ని ఫ్లెక్సురల్ తరంగాలకు కనపడకుండా చేయాలి: డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

కపిలతీర్థం_మెక్ (ప్రశ్న)

నమస్కారం అందరికీ. తిరుపతిలో ఎం.టెక్. ప్రాజెక్టు. 2 మి.మీ. అల్యూమినియం ప్లేటు మధ్యలో 60 మి.మీ. వ్యాసం ఉన్న రంధ్రం ఉంటుంది. 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య వచ్చే వంపు (ఫ్లెక్సురల్) తరంగాలు దాని చుట్టూ తిరిగి, అవతల పక్క ఏమీ జరగనట్టు మళ్లీ కలిసిపోవాలి. అంటే ఎలాస్టిక్ క్లోక్.

వర్క్‌షాప్‌లో లేత్, మిల్లింగ్ మిషన్ ఉన్నాయి. సిమ్యులేషన్‌కు ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ ఉంది. లేజర్ వైబ్రోమీటర్ (తాకకుండా లేజర్‌తో కంపనాన్ని కొలిచే పరికరం) మాత్రం లేదు.

సందేహాలు ఇవి. కాంతి క్లోక్‌కు వాడే నిరూపకాల మార్పు సూత్రాలనే ఇక్కడా వాడొచ్చా? 2012లో కార్ల్‌స్రూయెలో స్టెంగర్, విల్‌హెల్మ్, వెగెనర్ చేసిన పీవీసీ, పీడీఎంఎస్ (ఒక సిలికాన్ రబ్బరు) రింగుల పద్ధతి మేలా, లోహంలోనే గాళ్లు తీసేది మేలా? వైబ్రోమీటర్ లేకుండా కొలిచేది ఎట్లా? చివరగా, "క్లోక్ పనిచేసింది" అని వైవాలో చెప్పాలంటే దేన్ని చూపించాలి?

గట్టు_గాడి

మొదట ఒక మంచి సంగతి: ఫ్లెక్సురల్ తరంగాలు ఎంచుకున్నారు. మందమైన దిమ్మెలో అయితే ఈ ప్రాజెక్టు మొదట్లోనే ఆగిపోయేది. ఘనపదార్థంలో సంపీడన తరంగం, షియర్ (అడ్డంగా జరిపే) తరంగం రెండు వేర్వేరు వేగాలతో పోతాయి, ప్రతి సరిహద్దు దగ్గరా ఒకటి ఇంకొకటిగా మారుతుంది. 2006లో మిల్టన్, బ్రియాన్, విల్లిస్ చూపించిందేమంటే, మామూలు ఎలాస్టిక్ సమీకరణాలను వక్ర నిరూపకాల్లోకి మారిస్తే వాటి రూపం నిలవదు. ప్రతిబలం వేగం మీద కూడా ఆధారపడే విల్లిస్ రూపంలోకి పోతాయి. 2009లో బ్రన్, గెనో, మోవ్చాన్ ఇంకో దారి పట్టారు. అక్కడ సమీకరణం రూపం నిలుస్తుంది గానీ ప్రతిబల టెన్సర్ సౌష్టవం పోతుంది. అట్లాంటి రేకు ఏ దుకాణంలోనూ దొరకదు.

పలచని ప్లేటు వంగే కదలికకు ఒకే చలరాశి, ఒకే ముఖ్య తరంగం. అందుకే ఫరాత్, గెనో, ఎనాక్ 2009లో ప్లేటునే ఎంచుకున్నారు. మీరు చెప్పిన 2012 ప్రయోగం దాని మీద కట్టిందే: 1 మి.మీ. పాలిమర్ ప్లేటు, 20 రింగులు, 16 రకాల మిశ్రమాలు, 200 నుంచి 400 హెర్ట్జ్. మీకు అది వద్దంటాను. తిరుపతి ఎండాకాలంలో ఏసీ లేని ల్యాబ్‌లో పీవీసీ దృఢత్వం పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. లోహంలో ఆ బాధ లేదు.

ఇక లెక్క. 2 మి.మీ. అల్యూమినియంలో ఫ్లెక్సురల్ తరంగదైర్ఘ్యం 1 కిలోహెర్ట్జ్ దగ్గర 14 సెం.మీ., 2 దగ్గర 9.9, 4 దగ్గర 7. పౌనఃపున్యం నాలుగింతలైతే తరంగదైర్ఘ్యం సగమవుతుంది, నాలుగో వంతు కాదు. శబ్దం లెక్కలకు అలవాటుపడినవాళ్లు ఇక్కడే తప్పు లాగుతారు.

కాంతి క్లోక్‌లో బిందువును ఉబ్బించి వృత్తం చేస్తారు. ఇక్కడ అలా చేయకండి. దశావేగం, వంపు దృఢత్వాన్ని వైశాల్య ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చేదానికి నాలుగో మూలం. కాబట్టి వేగంలో 6 రెట్ల తేడా కావాలంటే దృఢత్వంలో 1296 రెట్ల తేడా కావాలి. బిందువును ఉబ్బిస్తే లోపలి అంచు దగ్గర ఇది అనంతానికి పోతుంది. దానికి బదులు 15 మి.మీ. వ్యాసార్థమున్న చిన్న రంధ్రాన్ని 30 మి.మీ.కి ఉబ్బించండి, బయటి వ్యాసార్థం 90 పెట్టుకోండి. అప్పుడు వ్యాసార్థం వెంట వేగం అంతటా మామూలు ప్లేటులో 0.8 రెట్లు. చుట్టుకొలత వెంట వేగం లోపలి అంచు దగ్గర 2 రెట్లు, బయటకు పోయేకొద్దీ 1కి దిగుతుంది.

దీన్ని గట్టు, గాడి వరసలతో సాధించొచ్చు. ఏకకేంద్ర రింగుల్లో మందం మార్చి మార్చి పెడితే, వ్యాసార్థం వెంట వంపు దృఢత్వం రెంటి హరాత్మక సగటుకు, చుట్టుకొలత వెంట అంకగణిత సగటుకు దగ్గరగా వస్తుంది. దృఢత్వం మందం ఘనంతో పెరుగుతుంది గనుక కొద్ది మందం తేడాకే పెద్ద అసమానత దొరుకుతుంది. జతకు 6 మి.మీ. (గాడి 3, గట్టు 3), మొత్తం 10 జతలు. నా లెక్కకు వచ్చిన మందాలు, జత మధ్య వ్యాసార్థం బట్టి:

33 మి.మీ. దగ్గర: గాడి 1.51, గట్టు 6.8
45 దగ్గర: గాడి 1.31, గట్టు 4.0
63 దగ్గర: గాడి 1.22, గట్టు 2.9
87 దగ్గర: గాడి 1.18, గట్టు 2.35

మిగతా జతలు ఇదే సూత్రంతో మీరే వేసుకోండి. వైవాలో అడుగుతారు. ఇది తొలి అంచనా మాత్రమే: పాయిజాన్ నిష్పత్తి (ఒక దిశలో లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పేది) సవరణ కలిపితే గట్లు ఇంకొంచెం ఎత్తవుతాయి. 3 మి.మీ. వెడల్పు, 6.8 ఎత్తు ఉన్న గట్టును ప్లేటు అనలేం కాబట్టి లోపలి రెండు జతలను త్రీడీ ఘన ఎలిమెంట్లతో సరిచూసుకోవాలి. షెల్ ఎలిమెంట్లు (మందాన్ని పలచని తలంగా లెక్కించేవి) అక్కడ అందమైన అబద్ధం చెప్తాయి. గాడి మందంలో కనీసం 2 క్వాడ్రాటిక్ ఎలిమెంట్లు ఉండాలి.

ఇంకొకటి. రంధ్రం లోపలి అంచును స్వేచ్ఛగా వదిలేయండి. బోల్టు పెట్టడం, బిగించడం వద్దు. ఫ్లెక్సురల్ తరంగానికి బిగించిన సూది మొనంత బిందువు కూడా గట్టిగానే అడ్డు వస్తుంది. రంధ్రం చిన్నదవుతుంటే స్వేచ్ఛా అంచు నుంచి చెదిరేది తగ్గిపోతుంది, బిగించిన అంచు నుంచి తగ్గదు.

లేత్_పనోడు

పైన ఇచ్చిన కొలతలు లేత్ మీద అయ్యేవే, ఏకకేంద్ర రింగులు కదా. మొత్తం ప్లేటును 8 మి.మీ. నుంచి 2 మి.మీ.కి మిల్లింగ్ చేయాలని మాత్రం అనుకోవద్దు. అంత లోహం తీస్తే రేకు అప్పడంలా లేస్తుంది. క్లోక్‌ను విడిగా బిళ్లగా తిప్పి, ప్లేటులో అతికించండి.

బిళ్లకు 8 మి.మీ. 6061 (అల్యూమినియం మిశ్రలోహం) ముక్క, 210 మి.మీ. వ్యాసం. మీ లేత్ స్వింగ్ సరిపోతుందో ముందు చూసుకోండి. చక్ దవడలతో అంచు పట్టుకుంటే బిళ్ల వంగి, విప్పినాక గాడి మందం మారుతుంది. ఫేస్‌ప్లేట్ మీద మధ్య రంధ్రంలోంచి మాండ్రెల్ పెట్టి బిగించాలి. మధ్యలో ముందే 20 మి.మీ. రంధ్రం చేసుకోండి. 60కి బోరింగ్ అన్నిటికన్నా చివర.

గాళ్లు రెండు వైపులా సమానంగా రావాలి. ఒకవైపే తీస్తే తటస్థ తలం (వంగేటప్పుడు సాగని, కుదించుకోని మధ్య తలం) పక్కకు జరిగి, వంపు తరంగం కొంత ప్లేటు తలంలో సాగే తరంగంగా మారిపోతుంది. అది మీ కొలతలో కనపడదు గానీ శక్తిని తినేస్తుంది. ఒక వైపు తిప్పాక గాళ్లను మైనంతో, లేకపోతే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నింపి, గట్టిపడ్డాక రెండో వైపు తిప్పండి. నింపకుండా 1.2 మి.మీ. గాడి అడుగును కోస్తే టూల్ అదిరి అడుగంతా అలలు అలలుగా వస్తుంది.

టూల్ విషయంలో జాగ్రత్త. 3 మి.మీ. పార్టింగ్ టూల్‌ను ముఖం మీద గాడికి నేరుగా దింపితే, దాని బయటి పక్క మడమ గాడి బయటి గోడకు రాసుకుంటుంది. వ్యాసార్థం చిన్నదైతే ఎక్కువ రాసుకుంటుంది. 33 మి.మీ. దగ్గర తిరగాలంటే బయటి పక్కను కింద నుంచి వంపుగా గ్రైండ్ చేయాలి. గ్రైండింగ్ చేతకాకపోతే తిరుపతి దగ్గరి గాజులమండ్యం వైపు టూల్ రూమ్ పని చేసే చిన్న షాపులను అడగండి. ఫేస్ గ్రూవింగ్ అంటే వాళ్లకు అర్థమవుతుంది.

లోతు విషయంలో 0.1 మి.మీ. అంటే "ఏముందిలే" అనుకునే కొలత కాదిక్కడ. 1.2 మి.మీ. గాడి 1.1 అయితే దృఢత్వం 23 శాతం పడిపోతుంది. ప్రతి గాడినీ బాల్ మొన ఉన్న మైక్రోమీటర్‌తో నాలుగు చోట్ల కొలిచి రాసుకోండి, ఆ కొలతలనే తిరిగి సిమ్యులేషన్‌లో పెట్టండి. డ్రాయింగ్ కొలతలు పెట్టి, ప్రయోగంతో కలవలేదని కూర్చోవద్దు.

అతుకు: బిళ్ల బయటి అంచులో 10 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం మెట్టు. ప్లేటు రంధ్రం అంచులోనూ అంతే మెట్టు. రెంటినీ ఎపాక్సీతో కలిపి, 24 గంటలు బరువు కింద ఉంచండి. అంచుకు అంచు ఆనించి అతికిస్తే వంపుకు నిలవదు. ఆ అతుకు కూడా తరంగాన్ని కొంత తిప్పికొడుతుంది. అందుకే మామూలు ప్లేటులో, రంధ్రం మాత్రమే ఉన్న ప్లేటులో కూడా అదే అతుకుతో 2 మి.మీ. బిళ్ల పెట్టాలి. పోల్చేటప్పుడు అతుకు అన్నిట్లో ఉంటుంది గనుక గొడవ తగ్గుతుంది.

ప్లేట్లన్నీ ఒకే రేకు నుంచి కోయించండి. 8×4 అడుగుల రేకులో 1200×600 ముక్కలు నాలుగు వస్తాయి. తిరుపతిలో 2 మి.మీ. పూర్తి రేకు దొరక్కపోతే చెన్నై ప్యారీస్ కార్నర్ వైపు పోవాల్సిందే. ఒకే రేకు అని ఎందుకు పట్టుపడుతున్నానంటే, మందంలో 5 శాతం తేడా వస్తే అర మీటరు దూరంలో 2 కిలోహెర్ట్జ్ తరంగం దశ 45 డిగ్రీలు పక్కకు పోతుంది.

మైకు_చెవి

కొలత గురించి నేను చెప్తా. వైబ్రోమీటర్ లేకపోయినా ఫరవాలేదు.

యాక్సిలరోమీటర్ (కంపనం కొలిచే సెన్సర్) అంటించుకుంటూ పోతామంటే దాని బరువు చూడండి. 2 మి.మీ. అల్యూమినియం ప్లేటు బిందు ఇంపిడెన్స్ (ఒక బిందువు దగ్గర కదలికకు ప్లేటు ఇచ్చే అడ్డు) దాదాపు 134 న్యూటన్ సెకను పర్ మీటర్. 2 గ్రాముల సెన్సర్ 2 కిలోహెర్ట్జ్ దగ్గర 25 దాకా వస్తుంది, అంటే 19 శాతం. సెన్సరే ఒక చిన్న అడ్డంకి అయి కూర్చుంటుంది. అర గ్రాము సెన్సర్ అయితే 5 శాతం, అది ఓర్చుకోవచ్చు.

చవకైన దారి చిన్న మెమ్స్ మైకు (చిప్ రూపంలో వచ్చే బుల్లి మైకు), ప్లేటుకు 5 మి.మీ. ఎత్తున, తాకకుండా. ఈ ప్లేటుకు కోయిన్సిడెన్స్ పౌనఃపున్యం (ప్లేటు తరంగ వేగం గాల్లో శబ్ద వేగంతో సమానమయ్యేది) 6 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల. అంతకంటే కింద గాల్లోకి శబ్దం దూరం పోదు, ప్లేటుకు అంటుకుని ఉండి ఎత్తుతో వేగంగా తగ్గుతుంది. అది మనకు లాభమే, పక్క రణగొణ తక్కువ. కానీ ఎత్తు 1 మి.మీ. మారితే 2 కిలోహెర్ట్జ్ దగ్గర 5 శాతం తప్పు వస్తుంది. ప్లేటు మీద స్పేసర్ పెట్టి ఎత్తు సరిచూసుకోండి, కొలిచేటప్పుడు స్పేసర్ తీసేయండి.

మొత్తం ప్లేటు స్కాన్ చేయాల్సిన పని లేదు. పైనుంచి స్టాండ్‌కు వేలాడే చేయి ఒకటి, దాని ఇరుసు రంధ్రం కేంద్రం మీద సరిగ్గా ఉండాలి, మైకు 150 మి.మీ. దూరంలో. 5 డిగ్రీలకొకటి చొప్పున 72 బిందువులు. 4 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా తరంగదైర్ఘ్యానికి ఐదు బిందువులు దాటి వస్తాయి. సోర్స్ దగ్గర ఇంకో మైకు కదలకుండా పెట్టి, దాంతో పోల్చి దశ తీసుకోండి. దశ లేకుండా పరిమాణం ఒక్కటే కొలిస్తే ఈ ప్రయోగం దండగ.

సోర్స్: 27 మి.మీ. పీజో బజర్ బిళ్లలు 12, వరసగా 35 మి.మీ. ఎడంతో, సమాంతరంగా కలిపి. అంటించేముందు ఒక్కొక్కదాన్నీ వేలితో తట్టి ఆసిలోస్కోప్‌లో పోలారిటీ చూడండి. ఒక్కటి తిరగబడినా తరంగాగ్రం నేరుగా రాదు.

అంచు ప్రతిధ్వనులు పెద్ద తలనొప్పి. ఐదు సైకిళ్ల బర్స్ట్ (చిన్న తరంగ పొట్లం) పంపి, ప్రతిధ్వని రాకముందే కత్తిరిద్దాం అనుకుంటారు. 2 కిలోహెర్ట్జ్ దగ్గర గ్రూప్ వేగం (పొట్లం మొత్తం కదిలే వేగం) సెకనుకు 396 మీటర్లు, బర్స్ట్ 2.5 మిల్లీసెకన్లు, అంటే పొట్లం పొడవే 1 మీటరు. మీ ప్లేటు 1.2 మీటర్లు! కాబట్టి అంచులను డ్యాంప్ చేయాల్సిందే. కార్లకు వేసే బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు, పక్కల 100 మి.మీ., చివర్లలో 150 నుంచి 200 మి.మీ. ఒక్కసారిగా మందంగా వేస్తే ఆ షీటు అంచు నుంచే ప్రతిధ్వని వస్తుంది. లోపలి వైపు ఒక పొర, బయటకు పోయేకొద్దీ రెండు, మూడు. పక్కల 100 మి.మీ. పట్టీ 1 కిలోహెర్ట్జ్ తరంగానికి చాలదు, అది 14 సెం.మీ. కదా. అందుకని 2 నుంచి 4 మధ్య ఫలితాలను నమ్మండి, 1 దగ్గరివి నమ్మకండి.

ఇప్పుడు మీ నాలుగో ప్రశ్న. అన్నిటికన్నా అదే ముఖ్యం. చాలామంది క్లోక్ ఉన్న ప్లేటునూ లేని ప్లేటునూ పక్కపక్కన బొమ్మలు వేసి, తరంగాగ్రాలు నేరుగా ఉన్నాయి చూడండి అంటారు. దానికి విలువ లేదు. గట్టు_గాడి గారి డిజైన్ 60 మి.మీ. వ్యాసం రంధ్రాన్ని 30 మి.మీ. వ్యాసం రంధ్రంలా కనపడేట్టు చేస్తుంది, సున్నా చేయదు. కాబట్టి నాలుగు ప్లేట్లు కావాలి: ఖాళీది, 60 రంధ్రం ఉన్నది, 60 రంధ్రం ప్లస్ క్లోక్, ఊరికే 30 రంధ్రం ఉన్నది. ప్రతి దాని తరంగం నుంచి ఖాళీ ప్లేటు తరంగాన్ని సంకీర్ణ సంఖ్యలుగా తీసేయండి. మిగిలిన చెదిరిన తరంగం వర్గాన్ని 72 బిందువుల్లో కూడండి. క్లోక్ సంఖ్య 30 రంధ్రం సంఖ్యకు ఎంత దగ్గరగా వస్తే అంత బాగా పనిచేసినట్టు. 60 రంధ్రం కన్నా ఎక్కువ వచ్చిందనుకోండి, మీ క్లోకే పెద్ద అడ్డంకి అయిందన్నమాట. కొన్ని పౌనఃపున్యాల దగ్గర అలా రావడం మామూలే, దాచకుండా గ్రాఫ్‌లో చూపించండి.

ఈ తీసివేతకు చేయి కేంద్రం సరిగ్గా ఉండాలి. 5 మి.మీ. జరిగితే 2 కిలోహెర్ట్జ్ దగ్గర దశ 18 డిగ్రీలు మారి, ఏ అడ్డంకీ లేకుండానే 32 శాతం చెదిరిన తరంగం కనపడుతుంది. 1 మి.మీ. లోపల ఉంటే 6 శాతం.

పిచ్చాటూరు_ప్లేటు

గట్టు_గాడి గారి మందాల మీద ఒక అభ్యంతరం. అవి వేగాన్ని మాత్రమే సరిచేస్తాయి, ఇంపిడెన్స్‌ను కాదు. బయటి జత (87 మి.మీ.) దగ్గర వ్యాసార్థం వెంట దృఢత్వం మామూలు ప్లేటులో 36 శాతమే, ద్రవ్యరాశి 88 శాతం. వంపు బలభ్రామకం వైపు నుంచి చూస్తే ఇంపిడెన్స్ సగానికన్నా తక్కువ. తరంగం క్లోక్ గడప దగ్గరే కొంత వెనక్కి తిరుగుతుంది. సిమ్యులేషన్‌లో వెనక వైపు బాగా ఉండి, సోర్స్ వైపు చెదురు ఎక్కువ కనిపిస్తే కారణం ఇదే.

మందు: సరళరేఖ మార్పును (పైన 15ను 30కి ఉబ్బించిన, వాలు అంతటా 0.8 ఉన్న సూత్రం) వదిలి, బయటి వ్యాసార్థం దగ్గర వాలు సరిగ్గా 1 ఉండే వక్రరేఖ మార్పు వాడండి. అప్పుడు బయటి జత మందం దాదాపు 2 మి.మీ. దగ్గరే మొదలై మెల్లగా మారుతుంది. దానికి చెల్లించేది లోపల: వాలు అక్కడ 0.8 కన్నా తగ్గుతుంది, లోపలి గట్లు ఇంకా ఎత్తుకావాలి. బయటి వ్యాసార్థం 90 నుంచి 105కి పెంచితే కొంత ఊరట, బిళ్ల కూడా అంత మేర పెరుగుతుంది.

ఇది చేసినా పూర్తిగా సరిపోదు. 2014లో కోల్‌క్విట్, మోవ్చాన్‌లు, మరికొందరు లెక్కించి చూపించినట్టు, ప్లేటు సమీకరణాన్ని ఖచ్చితంగా మారిస్తే దృఢత్వంతో పాటు తలంలో ముందస్తు ప్రతిబలం, బాహ్య బలాలు కూడా కావాలి. గట్లూ గాళ్లూ వాటిని ఇవ్వలేవు. పైగా మెలి దృఢత్వం కూడా మన చేతిలో లేదు. వంపులో అది అంకగణిత సగటు వైపే పోతుంది, క్లోక్‌కు కావలసిన విలువ వేరు. చివరి సర్దుబాటు ఆప్టిమైజేషన్‌కు వదిలేయండి: 20 మందాలు చలరాశులు, చెదిరిన శక్తి లక్ష్యం, 2 నుంచి 4 మధ్య ఐదారు పౌనఃపున్యాలు కలిపి. ఒకే పౌనఃపున్యానికి ఆప్టిమైజ్ చేస్తే పక్క పౌనఃపున్యాల్లో పాడవుతుంది. గాడికి కనీస మందం 1.1 అని హద్దు పెట్టండి, లేకపోతే లేత్_పనోడు మన మీద కేకలేస్తాడు.

కపిలతీర్థం_మెక్

అందరికీ కృతజ్ఞతలు. నాలుగో ప్లేటు సంగతి మా గైడ్‌కు కూడా నచ్చింది. మార్పును వక్రరేఖగా పెట్టి, బయటి వ్యాసార్థం 105తో మళ్లీ వేస్తున్నా. అనుబంధంగా ఒక ప్రశ్న: డిపార్ట్‌మెంట్‌లో ఒకాయన, రైలు పట్టాలకు దగ్గరలో ఉన్న ల్యాబ్ చుట్టూ బోర్లు వేయిస్తే ఇదే పద్ధతిలో నేల కంపనాల నుంచి మైక్రోస్కోపును కాపాడొచ్చా అంటున్నారు. మన చిత్తూరు జిల్లాల్లో బోరు బండ్లకు కొదవ లేదుగా అని.

గట్టు_గాడి

ఆయన అంటున్నది 2012లో గ్రెనోబుల్ దగ్గర బ్రూలే, జావెలో, ఎనాక్, గెనో చేసిన ప్రయోగాన్ని చూసి అనుకుంటా. 320 మి.మీ. వ్యాసం, 5 మీటర్ల లోతు బోర్లు, 1.73 మీటర్ల ఎడంతో, సోర్స్ 50 హెర్ట్జ్. అక్కడ శక్తి చాలావరకు సోర్స్ వైపు తిరిగి వెళ్లింది. అది కవచం, క్లోక్ కాదు. చుట్టూ పోయి అవతల మళ్లీ కలిసే పని అందులో లేదు. మైక్రోస్కోపుకు కవచం చాలు గనుక ఆ తేడా మీకు అడ్డు కాదు. అడ్డల్లా తరంగదైర్ఘ్యం. నేలలో రాలీ తరంగ (నేల ఉపరితలం వెంట పోయే తరంగం) వేగం సెకనుకు 200 మీటర్లు అనుకుంటే, 10 హెర్ట్జ్ దగ్గర అది 20 మీటర్లు, 40 దగ్గర 5 మీటర్లు. లోతులో కూడా ఇంచుమించు అంతే దూరం కదలిక ఉంటుంది. ఆరున్నర అంగుళాల బోరు, అంటే 165 మి.మీ., అంత పొడవు తరంగానికి కనపడదు. పైగా మన దగ్గర చాలాచోట్ల పైన పలచగా ఎర్రమట్టి, కింద గ్రానైట్. రాతిలో వేగం సెకనుకు రెండు వేల మీటర్లు దాటుతుంది, మట్టి పొర తరంగాలను గొట్టంలా నడిపిస్తుంది. ముందు జియోఫోన్లు (నేల కంపనం కొలిచే సెన్సర్లు) వరసగా పెట్టి, ఏ పౌనఃపున్యాలు ఎంత వేగంతో వస్తున్నాయో కొలిపించమనండి. బోర్ల ఖర్చులో చాలా చిన్న భాగంతో మైక్రోస్కోపు కింద గాలి స్ప్రింగుల బల్ల వస్తుంది.

లేత్_పనోడు

105 వ్యాసార్థం అంటే అతుకు మెట్టుతో కలిపి బిళ్ల 230 అవుతుంది. మిల్లింగ్‌లో ప్లేటు మెట్టును కోసేటప్పుడు రేకు కింద చెక్క పలక పెట్టి, రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించండి. మూలల్లో క్లాంపులు మాత్రమే పెడితే మధ్యలో రేకు పైకి లేచి 1 మి.మీ. మెట్టు 0.7 అయిపోతుంది. అతికించేముందు రెండు మెట్లనూ 220 నంబరు ఎమెరీతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడవండి. ఎపాక్సీ మందం సమానంగా రావాలంటే దాంట్లో 0.1 మి.మీ. నైలాన్ దారం ముక్కలు మూడు నాలుగు చోట్ల పెట్టండి, దానికి తగ్గట్టు మెట్టు 0.05 చొప్పున లోతుగా తీయండి.